డెబియన్ లినక్స్ 13లో పాత ప్యాకేజీ బిల్డ్ అవుతోంది, కానీ జెడ్‌లిబ్ (ఫైళ్లను కంప్రెస్ చేసే కోడ్ లైబ్రరీ) లేదంటోంది. ఎవరైనా సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మా లైబ్రరీలో పుస్తకాల జాబితాకి వాడే పాత సీ ప్రోగ్రామ్‌కి డెబ్ ప్యాకేజీ నేనే చేస్తుంటాను. డెబియన్ 12లో ఏ ఇబ్బందీ లేదు. 13కి మారాక, అంటే సీ కంపైలర్ జీసీసీ 12 పోయి 14 వచ్చాక, గొడవ మొదలైంది.

బిల్డ్ ఎక్కడా ఆగడం లేదు, అదే అసలు టెన్షన్. ప్యాకేజీ తయారవుతుంది, ఇన్‌స్టాల్ కూడా అవుతుంది, కానీ కంప్రెస్ చేసిన ఫైళ్లు తెరవదు. జెడ్‌లిబ్ డెవ్ ప్యాకేజీ ఉన్నా, బిల్డ్‌కి ముందు కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ మాత్రం ‘నో’ అంటోంది. కాన్ఫిగ్ లాగ్ తెరిస్తే విషయం దొరికింది: ఆ తనిఖీకి రాసిన బుల్లి ప్రోగ్రామ్, ఫంక్షన్ల డిక్లరేషన్లు ఉండే హెడర్ ఫైల్ చేర్చకుండానే ఎగ్జిట్ ఫంక్షన్‌ని పిలుస్తోంది. పాత జీసీసీ దానికి వార్నింగ్ ఇచ్చి వదిలేసేది, 14 మాత్రం ఎర్రర్ ఇస్తుంది, దాంతో జెడ్‌లిబ్బే లేదని కాన్ఫిగర్ తేల్చేస్తోంది.

కాన్ఫిగర్‌ని మళ్లీ తయారుచేసే ఆటోరీకాన్ఫ్ నడిపినా మారలేదు, ఎందుకంటే ఆ తనిఖీ దాని మూలమైన కాన్ఫిగర్ ఏసీ ఫైల్లో ఎవరో చేత్తో రాసింది. సీఫ్లాగ్స్‌లో (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లు) ఇలాంటి ఎర్రర్లను వార్నింగులుగా మార్చే ఎఫ్-పర్మిసివ్ పెడితే జెడ్‌లిబ్ దొరుకుతోంది గానీ, అసలు కోడ్‌లో ఉన్న ఇలాంటి తప్పులూ వార్నింగులుగా జారిపోతాయి. పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్‌ని డిక్లేర్ చేయకపోతే 64 బిట్ మెషీన్‌లో అడ్రస్ సగం తెగిపోయి క్రాష్ అవ్వచ్చు, అందుకే నాకు ఆ దారి నచ్చలేదు.

ఆ ఫ్లాగ్‌ని కాన్ఫిగర్ దశకే ఇచ్చి అసలు కోడ్‌ని కంపైల్ చేయించే మేక్‌కి వెళ్లకుండా, ప్యాకేజీ బిల్డ్ దశలు రాసే రూల్స్ ఫైల్లో ఎలా ఆపాలి? లేక తనిఖీలకే ప్యాచ్ వేయడం మంచిదా? ఇలా చప్పుడు లేకుండా ‘నో’ అయిపోయినవి ఇంకా ఉంటే, డెబియన్ 12, 13లలో తనిఖీల ఫలితాలు రాసే కాన్ఫిగ్ హెడర్ ఫైళ్లను డిఫ్ చేస్తే (తేడాలు చూస్తే) అన్నీ బయటపడతాయా?