ఉత్సాహమా, సంతోషమా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర ఊరు. మొన్న రాత్రి కేరల్స్ వాళ్లు మా వీధికొచ్చారు. డోలక్కు, నలుగురైదుగురు కుర్రాళ్లు, వెనకాల కానుకల సంచి. సంచి మీద ఎర్రదారంతో కుట్టిన వాక్యం: ‘దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును.’

మేం చర్చికి వెళ్లేవాళ్లం కాదు గానీ ఈ వాక్యం చిన్నప్పటి నుంచి వింటున్నదే. క్రిస్మస్‌కి ఎదురింటి పెద్దమ్మ కంచం నిండా అరిసెలు తెచ్చేది, సంక్రాంతికి మా అమ్మ అదే కంచం నింపి పంపేది. ఇన్నేళ్లకి మొన్న ‘ఉత్సాహముగా’ దగ్గర నా బుర్ర ఆగింది. ‘సంతోషంగా ఇచ్చాడు’ అంటాం, ‘మనస్ఫూర్తిగా ఇచ్చాడు’ అంటాం. ఉత్సాహంగా అయితే కబడ్డీ ఆడతాం!

ఇది బైబిల్లో కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక (అంటే ఉత్తరం), 9వ అధ్యాయం, 7వ వచనం. యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేస్తున్న సందర్భం. గ్రీకులో ఉన్న మాట ‘హిలరోస్’. (ఇంగ్లీషు ‘హిలేరియస్’ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. అలాగని పౌలు పగలబడి నవ్వుతూ ఇవ్వమనలేదు లెండి.) దీనికి తోబుట్టువు లాంటి మాట రోమీయులకు రాసిన పత్రిక 12:8లో ఉంది. అక్కడ మన తెలుగులో ‘కరుణించువాడు సంతోషముతోను’ అని పెట్టారు. అంటే సంతోషమనే మాట తోచక కాదు, ఇవ్వడం దగ్గరికొచ్చేసరికి కావాలనే ఉత్సాహం వేశారు.

నా ఊహ చెబుతాను, తప్పయితే దిద్దండి. మన అలంకారశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి పునాదిగా నిలిచే భావం, ఉత్సాహం. వీరుల్లో దానవీరుడూ ఉన్నాడు. సంతోషం ఇచ్చాక కలిగేది. ఉత్సాహం ఇవ్వకముందే చెయ్యి జేబులోకి పోయేలా చేసేది. అనువాదంలో చెయ్యి పెట్టిన పండితుడెవరికో ఈ సంగతి తెలిసే ఉంటుందని నాకనిపిస్తోంది.

రాజాం నుంచి ఒక మాస్టారు: బాబూ, ఊహ బాగుంది గానీ నిలబడదు. 100వ కీర్తన తియ్యి. ‘యెహోవాకు ఉత్సాహధ్వని చేయుడి’ అని ఉంటుంది. అక్కడ దానమూ లేదు, వీరుడూ లేడు, ఉన్నదంతా ఆనందమే. ఆ బైబిలు తెలుగులో ఉత్సాహమంటే పైకి పొంగిన సంతోషం. స్థాయీభావాన్ని తెచ్చి కానుకల సంచిలో వెయ్యకు.

నేను: ఒప్పుకున్నాను మాస్టారూ, సగం. పైకి పొంగిన సంతోషమని మీరే అన్నారు కదా. కరుణకి మామూలు సంతోషం సరిపోయి, కానుకకి పొంగు ఎందుకు కావలసివచ్చిందో మీరు చెప్పలేదు.

సోంపేట వైపు నుంచి ఒకావిడ: మీరిద్దరూ ఆ ఒక్క మాటనే పట్టుకున్నారు. ముందున్నది చూడండి: ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’. గ్రీకులో మొదటి చోట ఉన్నది ‘లూపే’, అంటే దుఃఖం. మక్కికి మక్కి అయితే ‘దుఃఖముతో కాక’ అనాలి. మనవాళ్లు ఆ దుఃఖాన్ని మనసులోంచి నోట్లోకి తెచ్చారు. ఇవ్వడానికి ప్రాణం ఒప్పనివాడు కూర్చుని ఏడవడండీ, సణుగుతాడు. నాకైతే ఆ వచనం మొత్తానికి గొప్ప మాట అదే.

సోంపేట ఆవిడే: సణుగుడు సంగతి నాకు బాగా తెలుసు. మా అత్తగారు రోజూ ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసేవారు. ఆదివారం అది చర్చికి వెళ్లేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. మా కొబ్బరి, జీడిమామిడి నేలమట్టం. ఆ డిసెంబరులో కూడా డబ్బా నిండుతూనే ఉంది. ‘ఈ ఒక్క ఏడూ ఆపొచ్చు కదా’ అని గిన్నెలు తోముతూ సణిగాను. ఆవిడకి వినబడింది. ‘ఇచ్చీసినాక మరి దాని ఊసెందుకే?’ అన్నారు. పండక్కి ఆ బియ్యం మాకంటే కష్టంలో ఉన్న రెండిళ్లకి వెళ్లింది.

నేను: అమ్మా, ఆ ‘ఇచ్చీసినాక’ని వదలకండి. పుస్తకాల తెలుగులో ‘ఇచ్చిన తర్వాత’ అంటే ఇవ్వడం అయిందని మాత్రమే. మన ‘ఈసినాక’లో చెయ్యి దులిపేసుకోవడం కూడా ఉంది. వచ్చీసినాను, తినీసినాను, ఇచ్చీసినాను. మళ్లీ వెనక్కి చూడ్డం లేదు.

రాజాం మాస్టారు: ఇది ఒప్పుకుంటాను. అయితే ‘బలవంతముగా కాకయు’ అన్నది మిగిలిపోయింది. మీ అమ్మగారు సంక్రాంతికి కంచం నింపి పంపేది ఉత్సాహంతోనా, పంపకపోతే బాగోదనా?

నేను: ఇప్పుడే వంటింట్లోకెళ్లి అడిగొచ్చాను మాస్టారూ. పెద్దమ్మ ఈ ఏడు కంచం నిన్ననే వచ్చింది, అరిసెలు సగం అయిపోయాయి. అమ్మ నన్ను వింతగా చూసి, ‘ఖాళీ కంచం ఎలగ పంపీస్తాంరా?’ అంది.