సుడిదోమకు మందు కొట్టాలా, సాలీళ్లకు వదిలేయాలా?

ప్రశ్న (భీమవరం వైపు): సార్వా వరి, స్వర్ణ రకం, నాటి 50 రోజులు. దుబ్బు తడితే నీళ్ల మీద ఏడెనిమిది సుడిదోమలు (దుబ్బు మొదట్లో రసం పీల్చేవి) పడుతున్నాయి. సాలీళ్లూ ఉన్నాయి. మందు కొట్టాలా అండీ? కాండం తొలిచే పురుగుకేం చేయాలి?

జవాబు: ఇప్పుడే వద్దండి. సాలీడు లేకపోతే పిలకకు (దుబ్బులోని ఒక్కో కాడకు) ఒక దోమ, దుబ్బుకొక సాలీడుంటే పిలకకు రెండు దోమలు దాటాకే మందు. ఆకుపచ్చ మిరిడ్ నల్లులు కూడా వెతకండి, దోమ గుడ్లను పీల్చేసేవి అవే. చాలామంది వాటినే పచ్చదోమనుకుని చంపేస్తారు, చూస్తే బాధేస్తుంది. ముందు పొలం ఆరగట్టండి. ఆకుముడత పురుగుకని సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మందుల జోలికి మాత్రం వెళ్లకండి. సాలీళ్లు, నల్లులు చస్తాయి. ఆకు తొడుగు లోపలి దోమ గుడ్లు మిగిలిపోతాయి. ఇక వాటికి అడ్డెవరు?

ఇంకో జవాబు: కాండం తొలిచే పురుగుకైతే ట్రైకోగ్రామా జపానికం (పురుగు గుడ్లను నాశనం చేసే బుల్లి కందిరీగ) కార్డులు, ఎకరాకు 20,000 గుడ్లు చొప్పున. రెక్కల పురుగులు కనిపించగానే మొదలెట్టి వారానికోసారి పెట్టాలి. ముక్కలుగా కత్తిరించి సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టండి. కార్డు ఇంట్లో ఉండగానే కందిరీగలు బయటికొచ్చేస్తే ఖర్చు దండగ.

అడిగినవారు: నాటేటప్పుడు పొలంలో కాలిబాటలు తీయలేదండీ.

జవాబు: ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వచ్చేలా దుబ్బులను పక్కకు పాయలు తీయండి. గాలి ఆడుతుంది, దుబ్బు మొదళ్లు కనిపిస్తాయి.