కూత వినబడగానే బెల్టు మార్చేయడం సరైన పద్ధతేనా?

దూరప్రయాణి:
నాది మాన్యువల్ గేర్ల డీజిల్ కారు, ఇప్పటికి 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా సన్నగా ఒక కూత మొదలై, వేగం పుంజుకునే కొద్దీ హెచ్చుతోంది, కాలు తీయగానే తగ్గిపోతోంది. మెకానిక్ బండిని నడిపి చూడకుండానే ఇది ఇంజను బెల్టు శబ్దమని చెప్పి, బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ను కూడా మార్చారు. కూత పోలేదు. ఇప్పుడు ఆ బెల్టుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మార్చి చూద్దామంటున్నారు. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడమేనా, లేక మూలాన్ని ముందే తేల్చే దారి ఏదైనా ఉందా?

స్పానర్:
ఆ మెకానిక్‌ను నేను తప్పు పట్టలేను. బెల్టు అరిగిపోయే వస్తువు, అంత దూరం తిరిగిన బండికి ఎలాగూ మార్చవలసిందే. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో చేసినవి కాబట్టి పాతవాటిలా త్వరగా పగుళ్లు చూపించవు, గాడులు బాగా అరిగిపోయినా పైకి బాగున్నట్లే కనబడతాయి. గంటల తరబడి చెవి ఒగ్గి వెతకడం కంటే, అనుమానం ఎక్కువగా ఉన్న చవకైన భాగంతో మొదలుపెట్టడమే బండి యజమానికి లాభమని నా అనుభవం చెబుతోంది.

నాలుగో గేరు:
స్పానర్ గారూ, బెల్టు అరుగుదల గురించి మీరు చెప్పినదానితో నాకు పేచీ లేదు. కానీ ఆ కూత ఇంజను వేగాన్ని అనుసరిస్తోందా, చక్రాల వేగాన్ని అనుసరిస్తోందా అన్నది తేలకుండా ఏ భాగం మీదా చేయి వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇది తేల్చడానికి పనిముట్లేవీ అక్కరలేదు.

బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజనును నెమ్మదిగా 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వరకు పెంచండి. అప్పుడు కూడా కూత వస్తే వెతకవలసింది ప్రధానంగా ఇంజను వైపే. అందులోనూ క్లచ్ తొక్కగానే శబ్దం ఆగిపోతే ఇంజను శక్తిని గేరుబాక్సులోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును అనుమానించాలి. స్టీరింగ్ తిప్పినప్పుడు హెచ్చితే, పంపుతో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో ముందు ఆయిల్ మట్టం చూడాలి. బెల్టు మీద కాసిని నీళ్లు చల్లినప్పుడు శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే బెల్టు తిరిగే చక్రాలు, అంటే పుల్లీలు, ఒకే వరుసలో లేవని, వెంటనే పెద్దదైతే బెల్టు బిగువు చాలక జారుతోందని అర్థం. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కావడం వల్ల ఇంజను కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది, అందుకే దాని బేరింగు పాడైతే కూత అంత సన్నగా వినబడుతుంది. దాన్ని నిర్ధారించుకోవడానికి కొత్తది కొననవసరం లేదు. ఇంజను ఆపి, బెల్టు విప్పి, పుల్లీని చేత్తో తిప్పితే పాడైన బేరింగు గరుకుగా వేళ్లకే తగులుతుంది.

న్యూట్రల్‌లో నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన ఇంజను నిర్దోషి అని మాత్రం తీర్మానించకండి. మీది డీజిల్ బండి అంటున్నారు. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉంటే, భారం లేనప్పుడు అది పెద్దగా ఒత్తిడి పెంచదు కాబట్టి, దాని హోస్‌లో చీలిక ఉన్నా న్యూట్రల్‌లో బయటపడదు. అందువల్ల రెండో పరీక్ష రోడ్డు మీదే చేయాలి. వేరువేరు గేర్లలో నడిపి చూడండి. ప్రతి గేరులోనూ ఒకే ఆర్‌పీఎం దగ్గర కూత మొదలైతే ఇంజను, ఒకే కిలోమీటర్ల వేగం దగ్గర మొదలైతే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరిక), చక్రాల బేరింగులు, టైర్లు, ఏదో ఒక గేరులో మాత్రమే వస్తే ఆ గేరు జత. చక్రం బేరింగైతే బండి మలుపు తిరిగి భారం ఒక పక్కకు ఒరిగినప్పుడు శబ్దం మారుతుంది, టైరైతే రోడ్డు మారినప్పుడు మారుతుంది.

దూరప్రయాణి:
రెండూ చేసి చూశాను. న్యూట్రల్‌లో ఏ శబ్దమూ లేదు. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ సరిగ్గా 40 దగ్గరే కూత మొదలైంది. ఖాళీ రోడ్డు మీద 60లో క్లచ్ తొక్కితే ఇంజను ఐడిల్‌కు దిగిపోయినా కూత సన్నబడిందే తప్ప ఆగలేదు. మలుపుల్లో తేడా లేదు. మరో మెకానిక్ దగ్గర బండిని లిఫ్ట్ మీద ఎక్కించి గేరుబాక్సు లెవెల్ ప్లగ్ విప్పించాను. ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉండాలట, ఆయన చిటికెన వేలు లోపలికి పెట్టి వంచినా తడి తగలలేదు. ఎడమ యాక్సిల్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీలు కింద జిడ్డు మీద దుమ్ము గడ్డ కట్టి ఉంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి నల్లని పేస్టు, దానిలో గోటి కొనతో తీయగలిగినంత సైజు ఇనుప పొరలు రెండు ఉన్నాయి.

స్పానర్:
అలాగైతే ఆల్టర్నేటర్ జోలికి పోవద్దు, ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా గేరుబాక్సు విప్పడం పెద్ద పని. ముందు సీలు మార్చి, మీ బండికి నిర్దేశించిన గ్రేడు ఆయిల్ నింపి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి చూడమంటాను.

నాలుగో గేరు:
పేస్టు మాత్రమే ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి, ఎందుకంటే మెత్తని నలుసు ఆరోగ్యంగా ఉన్న గేరుబాక్సులో కూడా చేరుతుంది. పొరలు ఊడి రావడం వేరు, అది బేరింగు లేదా గేరు పళ్ల ఉపరితలం లేచిపోతోందనడానికి గుర్తు, ఎంత మంచి ఆయిల్ పోసినా ఆ గుంట పూడదు. దూరప్రయాణి గారూ, సీలు ఎలాగూ మార్చాలి, దానికి యాక్సిల్ తీయక తప్పదు. అదే విడతలో గేరుబాక్సు దించి అందులోనే ఉండే డిఫరెన్షియల్ బేరింగులను విప్పి చూడమనండి. అంతవరకు దూర ప్రయాణాలు పెట్టుకోకండి. ఆ రెండు పొరలను పారేయకుండా కాగితంలో చుట్టి మెకానిక్‌కు చూపించండి.