థార్‌కు కొత్త టైర్లు: ఎక్కువగా నగరంలోనే తిరిగే బండికి ఏటీ (ఆల్ టెరైన్, అన్ని రకాల దారులకూ) వేయాలా, హెచ్‌టీ (హైవే టెరైన్, ముఖ్యంగా తారురోడ్డుకు) వేయాలా?

కొండాపూర్ వాసి:
అందరికీ నమస్కారం. మాది 2021 నాటి మహీంద్రా థార్ ఎల్‌ఎక్స్, డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్. కంపెనీ వేసి ఇచ్చిన 255/65 ఆర్18 సియట్ జార్ ఏటీ టైర్లు గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తుల దాకా అరిగిపోయాయి కాబట్టి వానలు మొదలయ్యేలోపు మార్చక తప్పదు. బండి రోజూ కొండాపూర్ నుంచి ఆఫీసుకు, సెలవుల్లో ఔటర్ రింగు రోడ్డు మీదికి వెళ్తుంది. అప్పుడప్పుడు వికారాబాద్ దగ్గర మా మామగారి పొలానికి వెళ్తాం. అక్కడ తారురోడ్డు దిగాక కొంత దూరం మొరం బాట, ఆ పైన నల్లరేగడి. ఒక దుకాణంలో పెద్ద బటన్ల ఎంటీ (మడ్ టెరైన్, బురద దారులకు చేసిన) టైర్లు వేయించుకుంటే బండికి నిండుదనం వస్తుందన్నారు, మరో దుకాణంలో రిమ్ములతో సహా 265/70 ఆర్17 సైజుకు మారమన్నారు. చప్పుడు తక్కువగా ఉండాలని, వానలో బ్రేకు నమ్మకంగా పడాలని ఇంట్లోవాళ్లు అంటున్నారు. పొలం బాటలో ఇరుక్కోకూడదన్నది నా పట్టుదల. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

రేగడి బాట:
ముందుగా ఎంటీ ఆలోచన మానుకోండి. దాని మీది రబ్బరు దిమ్మెలు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు వెడల్పైనవి కాబట్టి రోడ్డును తాకే రబ్బరు తక్కువగా ఉంటుంది. పైగా తడి తారును పట్టుకోవడానికి దిమ్మెల మీద ఉండవలసిన సన్నని చీలికలు కూడా అందులో తక్కువే. ఫ్లైఓవరు దిగుతున్నప్పుడు ముందున్న ఆటో హఠాత్తుగా ఆగితే ఆ లోటు తెలుస్తుంది. కొంతకాలం తిరిగాక దిమ్మెల ఒక అంచు ఎక్కువగా, రెండో అంచు తక్కువగా అరుగుతుంది. అలాంటి టైరును అరచేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే రంపంలా గీరుకుంటుంది. ఎనభై వేగంలో వినిపించే ఊళ చాలావరకు దాని పుణ్యమే.

ఇక నల్లరేగడి సంగతి. తడిసిన రేగడిలో ఏటీ కూడా పెద్దగా సాయం చేయదు, ఎందుకంటే చక్రం కొద్దిగా తిరిగేసరికి గాడులన్నీ బంకమట్టితో పూడిపోతాయి, ఆ తర్వాత పైన ఏ డిజైను ఉన్నా ఒకటే. ఎంటీ అయితే ఆ మట్టిని విసిరికొడుతుంది, నిజమే. కానీ ఎప్పుడో ఒకనాటి అవసరం కోసం రోజూ తడి రోడ్డు మీద బ్రేకును వదులుకోవడం నాకు సమంజసంగా తోచదు. వానాకాలంలో బండిని మొరం అయిపోయిన చోటే ఆపి నడిచి వెళ్లండి. ఎండాకాలంలో అదే బాట మీద ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి హెచ్‌టీ టైర్లతోనే హాయిగా వెళ్తుంది. చుట్టూ నిలువుగా సాగే గాడులు నీటిని త్వరగా బయటికి తోసేస్తాయి కాబట్టి నా ఓటు హెచ్‌టీకే.

మొరం దారి:
పై వారు రేగడి గురించి చెప్పింది ఒప్పుకుంటాను గానీ మొరం బాటను తేలిగ్గా తీసేశారు. మన చుట్టుపక్కల మొరంలో పదునైన పలుగురాళ్లు తేలి ఉంటాయి. అవి టైరు భుజాన్ని, అంటే పైభాగం పక్కకు తిరిగే అంచును, పక్కభాగాన్ని కోస్తాయి. నేలను తాకే ట్రెడ్‌కు పంక్చర్ వేయవచ్చు, పక్కభాగం కోసుకుపోతే టైరు పారేయడమే. హెచ్‌టీలో భుజం దగ్గర దిమ్మెలు పల్చగా ఉంటాయి, ఏటీలో మందంగా పక్కకు దిగి ఉంటాయి. అందువల్ల రోడ్డు వైపు మొగ్గే సాధువైన ఏటీ మీకు సరిపోతుంది; యోకొహామా జియోలాండర్ ఏటీ జీ015, అపోలో ఆప్టెర్రా ఏటీ2 ఆ కోవలోవి. మీ సైజులో ఏది నిల్వ ఉందో చూసుకోండి. బీఎఫ్ గుడ్రిచ్ కేవో2 పక్కభాగం చాలా గట్టిదన్న మాట నిజమే, కానీ అలాంటి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైర్లు బరువెక్కువ, మెత్తదనం తక్కువ, అదే బరువును మోయడానికి గాలి కూడా ఎక్కువ అడుగుతాయి. ఆఫీసుకు వెళ్లే బండికి ఆ బరువు దేనికి?

కొలత చూసేవాడు:
సైజు మార్పు గురించి ఎవరూ లెక్క చెప్పలేదు. 255/65 ఆర్18 వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు, 265/70 ఆర్17 వ్యాసం సుమారు 803. అంటే కొత్త రిమ్ములకు కూడా డబ్బు పోసి మీరు సంపాదించేది నేల నుంచి 7 మిల్లీమీటర్ల ఎత్తు! టైరు పక్కభాగం కాస్త పొడవై కుదుపు తగ్గే మాట వాస్తవమే గానీ స్పీడోమీటరు ఇప్పటికన్నా దాదాపు 2 శాతం తక్కువ చూపుతుంది, కంపెనీ చెప్పని సైజు వేసినందుకు ఇన్సూరెన్సువారు రేపు ప్రశ్న వేయవచ్చు. ఉన్న సైజులోనే ఉండండి.

ఏ టైరు కొన్నా పక్కన ఉన్న అంకెలు స్వయంగా చదవండి. డాట్ అన్న అక్షరాల వరుస చివర 1425 అని ఉంటే అది 2025లో 14వ వారంలో తయారైంది. దుకాణం ముందు ఎండలో పేర్చిన పాత సరుకు చవకగా ఇస్తామన్నా వద్దనండి. బరువు సూచిక 109 అంటే ఒక్కో టైరు 1,030 కిలోలు, 111 అంటే 1,090 కిలోలు మోయగలదు. పాత టైరు మీద ఉన్నదానికన్నా తక్కువది తీసుకోకండి. గాలి ఎంత నింపాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, మే నెల మధ్యాహ్నం ఔటర్ దిగి వచ్చి కొలిస్తే లెక్క తప్పుతుంది.

కొండాపూర్ వాసి:
ముగ్గురికీ కృతజ్ఞతలు. రిమ్ముల ఆలోచన, ఎంటీ ఆలోచన రెండూ వదిలేశాను; సాధువైన ఏటీ వైపే మనసు మొగ్గుతోంది. ఒక సందేహం మిగిలింది. వెనుక తలుపుకు ఉన్న స్టెప్నీ ఇంతవరకూ నేలను తాకలేదు. దాన్ని ఉంచుకుని నాలుగు కొంటే సరిపోతుందా?

కొలత చూసేవాడు:
వాడకపోయినా రబ్బరు వయసు ఆగదు, అందులోనూ మీ స్టెప్నీ ఇన్నేళ్లూ ఎండలో వేలాడింది. వీలైతే ఐదూ కొనండి. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు స్టెప్నీతో సహా ఐదింటినీ స్థానాలు మారుస్తూ ఉంటే అన్నీ సమానంగా అరుగుతాయి. అలా చేయాలంటే తిరగవలసిన దిశను బాణంతో చూపే రకం టైరు మాత్రం కొనకండి. నాలుగే కొంటే పాతదాన్ని పంక్చర్ దుకాణం దాకా మాత్రమే వాడండి. అది బిగించి ఉన్నంతసేపూ 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే మోడ్‌లో) వేయకండి, ఎందుకంటే చుట్టుకొలతలు వేర్వేరైన చక్రాలను ముందూ వెనకా కలిపి తిప్పితే ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది.

మీ ఎల్‌ఎక్స్‌లో గాలి ఒత్తిడి చూపే సెన్సర్లు వాల్వుల దగ్గరే ఉంటాయి, టైరు ఊడదీసేటప్పుడు వాటికి దెబ్బ తగలకుండా చూడమని పనివాడికి ముందే చెప్పండి. బిగించాక వంద కిలోమీటర్లలోపు మళ్లీ వెళ్లి నట్లు బిగువు కొలిచే టార్క్ రెంచితో సరిచూపించుకోండి.