సీఈఏ 2.4 నుంచి 5.6 అయింది, క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న (కోరమంగళ నుంచి)
మా నాయనకు పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ 3. బెంగళూరులోనే ఆపరేషన్, కీమో అయిపోయాయి. క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడటానికి రక్తంలో కొలిచే సీఈఏ అనే ప్రోటీన్ పోయినసారి మదనపల్లెలో 2.4, ఇప్పుడు ఇక్కడి ల్యాబ్‌లో 5.6. భయంగా ఉంది. రక్తంలో క్యాన్సర్ డీఎన్‌ఏ వెతికే సీటీడీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించాలా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్)
రెండు ల్యాబుల అంకెల్ని పోల్చకండి. యంత్రాన్ని బట్టి పరీక్షకు వాడే యాంటీబాడీలు మారతాయి, ఒకే రక్తానికి వేరే అంకె రావచ్చు. రిపోర్టులో చిన్న అక్షరాల్లో ‘మెథడ్’ అని ఉంటుంది, రెండింట్లోనూ చూడండి. ఇకనుంచి ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. అక్కడే రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చేయించండి. బీడీ, సిగరెట్ అలవాటున్నా, కామెర్లున్నా, లివర్ జబ్బున్నా సీఈఏ కొంత పెరుగుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. కొన్ని యంత్రాల్లో దానివల్ల సీఈఏ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం.

జవాబు (ఆంకాలజీ నర్సు)
రెండోసారీ పెరిగితే ఆగొద్దు. ఛాతీ, పొట్ట, కటి భాగాలకు కాంట్రాస్ట్ సీటీ (మందు ఎక్కించి తీసే స్కాన్) తీస్తారు, దానికి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. లివర్‌లో ఒకటి రెండు గడ్డలున్నప్పుడే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తో తీసేయొచ్చు. ఈ పరీక్షలన్నీ అందుకే. సీఈఏ మామూలుగా ఉందని సీటీ మానేయకండి. 5 హద్దుగా పెట్టుకుంటే, తిరగబెట్టిన పదిమందిలో సుమారు ముగ్గురిని ఈ పరీక్ష పట్టుకోలేదు. మొదటి రెండేళ్లు 3–6 నెలలకోసారి, తర్వాత ఐదో ఏడు దాకా ఆరు నెలలకోసారి సీఈఏ చూడాలి.

జవాబు (మాలిక్యులర్ ల్యాబ్)
సీటీడీఎన్‌ఏ అంటే గడ్డ కణాలు రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ ముక్కలు. గడ్డలోని జన్యు మార్పుల్ని ముందు చదివి, వాటినే రక్తంలో వెతికే రకమైతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రి నుంచి పారఫిన్ బ్లాకు (మైనంలో భద్రపరచిన గడ్డ ముక్క) తెచ్చుకోవాలి. రక్తం మామూలు ఈడీటీఏ ట్యూబులో తీసి కొరియర్‌లో పంపితే తెల్ల కణాలు పగిలి, వాటి డీఎన్‌ఏ కలిసిపోతుంది. ఉన్న కాస్త సంకేతం అందులో మునిగిపోతుంది. అందుకే కణాల్ని నిలబెట్టే ప్రత్యేక ట్యూబు వాడాలి. మెల్లగా ఎనిమిది పదిసార్లు తిరగేయాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

ఆస్ట్రేలియాలో జరిగిన డైనమిక్ ట్రయల్ 2022లో వెలువడింది. స్టేజ్ 2 రోగుల్లో ఆపరేషన్ తర్వాత 4, 7 వారాలకు రక్తంలో సీటీడీఎన్‌ఏ చూసి కీమో నిర్ణయించారు. మామూలు పద్ధతిలో 28 శాతం మంది కీమో తీసుకుంటే, ఇలా చూసినవాళ్లలో 15 శాతమే తీసుకున్నారు, రెండేళ్ల ఫలితం దెబ్బతినలేదు. అయితే మీ నాన్నగారిది స్టేజ్ 3, కీమో కూడా అయిపోయింది. నెగెటివ్ వచ్చినా ఊపిరితిత్తుల్లో, పొట్ట పొరలో చిన్న గడ్డలు తప్పించుకోవచ్చు. పాజిటివ్ వస్తే వైద్యంలో ఏం మారుతుందో డాక్టరుగారిని అడిగాకే డబ్బు కట్టండి.

ప్రశ్న వేసినవారు
ఇదే ల్యాబ్‌లో మళ్లీ ఇస్తాం. పరగడుపున వెళ్లాలా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్)
అక్కర్లేదండీ, తినే వెళ్లొచ్చు. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి డాక్టరుగారికి చూపించండి.