8 ఎంబీ ఫ్లాష్ రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ: చోటు చాలదు, సెట్టింగ్‌లు నిలవవు

లింక్‌లైట్:
నా రూటర్‌లో ఎంటీ7621 చిప్, 8 ఎంబీ ఫ్లాష్ (శాశ్వత మెమరీ), ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రూటర్లకు ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) 19.07 వెర్షన్. 21.02 ఎక్కించబోతే ఇమేజ్ (ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైలు) వెర్షన్ కుదరలేదంటూ ఆగిపోతోంది. పాత సెట్టింగ్‌లు అలాగే ఉంచే దారి ఉందా? ఇంకోటి, పీపీపీ (ఇంటర్నెట్ లైనుకు లాగిన్ అయ్యే పద్ధతి) ప్యాకేజీలు తీసేసినా ఖాళీ పెరగలేదు. మెష్‌కి (రూటర్లు వైఫైతో ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి) చోటు కావాలి.

స్క్వాష్:
ముందు చోటు సంగతి. ఫర్మ్‌వేర్‌తో వచ్చిన ప్యాకేజీలు ఉండేది స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన ఫైల్ సిస్టమ్‌లో. దాన్ని చదవగలమే తప్ప చెరపలేం. ప్యాకేజీలు పెట్టే, తీసే టూల్ ఓపీకేజీతో తీసేస్తే, దాని పైన మార్పులు రాసుకునే పొర అయిన ఓవర్‌లేలో "ఈ ఫైలు లేదు" అన్న గుర్తు పడుతుందంతే. అసలు ఫైలు కిందే ఉంటుంది. సొంత ఇమేజ్ తయారుచేసుకునే టూల్ ఇమేజ్ బిల్డర్‌లో మీ మోడల్ ప్రొఫైల్ ఎంచుకుని, వద్దనుకున్న ప్యాకేజీ పేరు ముందు మైనస్ పెట్టి కొత్త ఇమేజ్ తయారుచేయండి. మెష్‌కైతే వైఫై భద్రత చూసే ప్యాకేజీల్లో డబ్ల్యుప్యాడ్ బేసిక్ తీసేసి డబ్ల్యుప్యాడ్ మెష్ పెట్టాలి, రెండూ కలిసి ఉండవు. మీ ఇంటర్నెట్ లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసేది) అయితే మాత్రం పీపీపీ జోలికి వెళ్లకండి.

మూడోపోర్టు:
21.02 అప్‌గ్రేడ్‌ని రూటర్ ఆపడం సరైన పనేనండీ. 19.07లో పోర్టులను నడిపే పాత పద్ధతి ఎస్‌డబ్ల్యుకాన్ఫిగ్‌లో వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) స్విచ్ సెక్షన్‌లో ఉండేవి. 21.02లోని కొత్త పద్ధతి డీఎస్‌ఏలో ఒక్కో పోర్టూ విడి ఇంటర్‌ఫేస్, వీల్యాన్‌లు బ్రిడ్జ్ (పోర్టులను ఒకే నెట్‌వర్క్‌గా కలిపేది) మీద రాయాలి. పాత నెట్‌వర్క్ ఫైలు పెడితే ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అందకుండా పోతుంది. బ్యాకప్ తీసుకుని, ఫర్మ్‌వేర్ ఎక్కించే కమాండ్ సిస్‌అప్‌గ్రేడ్‌కి పెద్ద ఎఫ్, చిన్న ఎన్ ఆప్షన్లు ఇచ్చి సెట్టింగ్‌లు లేకుండా ఎక్కించండి. తర్వాత బ్యాకప్ మొత్తం తిరిగి పెట్టొద్దు. ఫైర్‌వాల్, డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు ఇచ్చేది) ఫైళ్లు చాలావరకు పనికొస్తాయి, ఎందుకంటే అవి ల్యాన్, వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అనే పేర్లనే చూస్తాయి, పరికరం పేరును కాదు. నెట్‌వర్క్ ఫైలు చేత్తో రాయాల్సిందే. వైర్‌లెస్‌లో పేరు, పాస్‌వర్డ్ వరకే తీసుకోండి.

మూలకోడ్:
డీఎస్‌ఏ డిజైన్ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక ల్యాన్, ఒక వ్యాన్ మాత్రమే ఉన్న ఫ్యాక్టరీ సెట్టింగ్‌ని తప్పుల్లేకుండా మార్చొచ్చు కదా? అందరి చేతా చెరిపించడం భారం వాడేవాళ్ల మీద వేయడమే.

మూడోపోర్టు:
ఫ్యాక్టరీ ఫైలుతో అక్షరం తేడా లేకపోతే మార్చడం, లేకపోతే ఆపడం అయితే నాకూ సమ్మతమే. ఊహించి మార్చడం ప్రమాదం. వ్యాన్ పోర్టు పొరపాటున ల్యాన్ బ్రిడ్జ్‌లో పడితే ఫైర్‌వాల్ దాటకుండానే బయటి ట్రాఫిక్ లోపలికొస్తుంది.

స్క్వాష్:
ఇమేజ్ పట్టింది కదా అని ఎక్కించేయకండి, ఓవర్‌లేకి ఎంత మిగులుతుందో లెక్కేయండి. ఓవర్‌లే వాడే ఫైల్ సిస్టమ్ జేఎఫ్‌ఎఫ్‌ఎస్2కి కనీసం 5 ఎరేజ్ బ్లాకులు (ఫ్లాష్‌లో ఒకేసారి చెరిపే ముక్కలు) కావాలి, బ్లాకు 64 కేబీ అయితే 320 కేబీ. అంతకన్నా తగ్గితే సెట్టింగ్‌లు ర్యామ్‌లోనే ఉండి, రీబూట్‌తో పోతాయి. మొదటి బూట్‌లో సెట్టింగ్‌లు రాసే స్క్రిప్ట్‌ని యూసీఐ డిఫాల్ట్స్ అనే ఫోల్డర్‌లో వేసి ఇమేజ్‌లోనే కలపండి. సున్నా తిరిగిచ్చి (తప్పు లేదని చెప్పి) ముగిస్తే ఆ స్క్రిప్ట్ తనంతట తనే తొలగిపోతుంది.

లింక్‌లైట్:
ల్యాన్ అందకపోతే?

మూడోపోర్టు:
కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ 192.168.1.2 పెట్టండి. బూట్‌లో లైటు వేగంగా మినుకుమన్నప్పుడు రూటర్ బటన్ నొక్కితే ఫెయిల్‌సేఫ్ (మీ సెట్టింగ్‌లు వాడకుండా బూటయ్యే మోడ్) వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ (కమాండ్ లైన్ లాగిన్)తో 192.168.1.1లోకి వెళ్లి, ఫైళ్లు మార్చే వీలిచ్చే మౌంట్ రూట్ కమాండ్ ఇచ్చాక నెట్‌వర్క్ ఫైలు ఒక్కటే సరిచేసి రీబూట్ చేయండి. ఫస్ట్‌బూట్ కమాండ్ అన్నీ చెరిపేస్తుంది, అది ఆఖరి దారి.