కలల డైరీ 23 రోజులు రాసి ఆపేశాను, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

గూడ్స్‌బండి_కాజీపేట:

అందరికీ నమస్కారం. నేను గూడ్స్ లోకో పైలట్‌ని, కాజీపేట. వయసు 38. అడిగేది కాస్త వింతగా ఉంటుంది, నవ్వుకున్నా పర్లేదు.

జనవరిలో కలలు రాసుకోవడం మొదలుపెట్టాను. దానికి కారణం ఒక కల. రాత్రి పూట బండి నడుపుతున్నాను, మందమర్రి దాటి బెల్లంపల్లి వైపు. ఎదురుగా సిగ్నల్. మా పనిలో సిగ్నల్ కనబడగానే దాని రంగు గట్టిగా పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంట్ కూడా చూసి తిరిగి చెప్పాలి. కలలో ఆ సిగ్నల్ ఎరుపు కాదు, పసుపు కాదు, ఆకుపచ్చా కాదు. కానీ నాకు బాగా తెలిసిన రంగే. పేరు మాత్రం నోటికి రావడం లేదు. అసిస్టెంట్ నా మొహంలోకి చూస్తున్నాడు. సిగ్నల్ దగ్గరికి వచ్చేస్తోంది. చెమటలు పట్టి లేచాను. లేచాక చూస్తే పేరే కాదు, ఆ రంగు కూడా పోయింది. మూడు రోజులు అదే ఆలోచన. ఇంకోసారి వస్తే వదలకూడదని డైరీ పెట్టాను. మా బావమరిది ఎల్‌ఐసీ ఏజెంటు, ఏటా ఒక డైరీ తెచ్చిస్తాడు. ఇన్నేళ్లూ దాన్ని పాలలెక్కకి కూడా వాడలేదు, ఈసారి పనికొచ్చింది.

23 రోజులు ఒక్క రోజు కూడా వదల్లేదు. రెండో వారానికి ఒక్కో రాత్రి రెండేసి కలలు గుర్తుండేవి, నాకే ఆశ్చర్యం. ఆ తర్వాత ఒక వారం డ్యూటీలు దంచేశాయి. ప్యాసింజర్ బళ్ల వాళ్లలా మాకు టైము ప్రకారం ఉండదు. మధ్యాహ్నం 2కి పడుకుంటాం, రాత్రి 11కి పిలుపు రావచ్చు. ఇంట్లో ఉంటే ఫోను. బల్లార్షా రన్నింగ్ రూమ్‌లో (డ్యూటీకీ డ్యూటీకీ మధ్య మేం పడుకునే రైల్వే గది) అయితే కాల్‌బాయ్ వచ్చి లేపుతాడు, రిజిస్టర్ మొహం ముందు పెట్టి సంతకం అంటాడు. ఆ సంతకం పెట్టేలోపే కల ఎగిరిపోతుంది.

24వ రోజు నుంచి డైరీలో ఆరు పేజీలు వరసగా 'గుర్తు లేదు' అని ఉంది. తర్వాత అన్నీ ఖాళీ. ఇప్పుడు మార్చి నడుస్తోంది. డైరీ చూస్తేనే బద్ధకం. ఒకరోజు ఓపిక చేసుకుని పాతవి చదివాను. పెళ్లిలో చెప్పులు పోయాయి, టికెట్ లేదు, పరీక్షకి వెళ్తే పెన్ను లేదు. ఇవా నేను పొద్దున్నే కళ్లు నులుముకుంటూ రాసినవి అనిపించింది.

ఇంకో సంగతి. మా ఇంటావిడ ఆ డైరీ చదివింది. ఒక పేజీలో 'ఎవరో ఆవిడ, ఆకుపచ్చ చీర, నాకు ఉప్మా పెట్టింది' అని ఉంది. ఆవిడెవరని రెండు రోజులు విచారణ. నాకేం తెలుసు? కల కన్నవాణ్ని నేనే అయినా, పిలిచింది నేను కాదు కదా.

ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? విసుగు రాకుండా ఎలా రాస్తారు?

అరుగు_టీచర్:

బాబూ, నేను 2006లో రిటైరైన ఏడాది మొదలుపెట్టాను, ఇంకా రాస్తున్నాను. తెలుగు టీచర్ని, ఊరు పార్వతీపురం. ఇప్పటికి పదకొండు పుస్తకాలయ్యాయి. ఇదేదో గొప్ప అనుకోకండి, మధ్యలో మా ఆయన మంచాన పడ్డప్పుడు 14 నెలలు ఒక్క ముక్క రాయలేదు.

మీ కథంతా చదివాక నాకు తోచింది ఒకటే. మీ తప్పు లేదు, ఆ డైరీది తప్పు. అచ్చేసిన తారీఖులున్న డైరీలో కలలు రాయకూడదు. నాలుగు రోజులు రాయకపోతే నాలుగు ఖాళీ పేజీలు మిమ్మల్ని చూసి పళ్లికిలిస్తాయి. హోంవర్కు చెయ్యని పిల్లవాడు బడికి రాడు చూడండి, అలా మీరు ఆ పుస్తకం దగ్గరికి పోవడం మానేశారు. ముప్పై ఏళ్లు పిల్లల్ని చూశాను, ఇది నాకు బాగా తెలుసు. కొట్లో గీతల నోటుబుక్కు కొనుక్కోండి. కల వచ్చిన రోజు తారీఖు మీరే వెయ్యండి. మార్చి 3 తర్వాత మార్చి 19 వచ్చినా కింద గీతలోనే వస్తుంది, మధ్యలో గొయ్యి ఉండదు. నా పుస్తకంలో ఆ 14 నెలలు ఒక గీత కింద ఇంకో గీత, అంతే.

రెండోది, పూర్తిగా రాయాలని కూర్చోకండి. కలకి ఒక పేరు పెట్టండి, పాఠానికి పేరు పెట్టినట్టు. నావి కొన్ని చెప్తాను: 'పోస్టాఫీసులో ఏనుగు', 'హెడ్‌మాస్టారికి పురుడు', 'వంకాయలు ఎక్కిన బస్సు'. చాలా రోజులు పేరు ఒక్కటే రాసి వదిలేస్తాను. మధ్యాహ్నం ఆ పేరు చూస్తే సగం కల వెనక్కి వస్తుంది. రాకపోతే పోనీ, పేరు బాగుంది కదా.

అసలు రుచి రాయడంలో లేదు బాబూ, తిరిగి చదవడంలో ఉంది. అది కూడా నెల తిరక్కుండా కాదు. మీరు నెల, రెండు నెలలవి చదివి చప్పగా ఉన్నాయంటున్నారు. ఊరగాయ పెట్టిన మూడో రోజే జాడీ మూత తీస్తే ఎలా ఉంటుంది? నేను ఏడాదికోసారి, వేసవిలో, ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. చోట్ల పేర్ల కింద గీత పెడతాను. అలా గీస్తుంటే నాలుగో పుస్తకంలో ఒకటి బయటపడింది. మేం అపార్టుమెంటుకి మారి అప్పటికి పదేళ్లు దాటింది. ఆ అపార్టుమెంటు నా కలల్లో ఒక్కసారి కూడా లేదు. ఎక్కడ తలుపు తీసినా మా పాత అరుగు ఇల్లే. 1998లో అమ్మేసిన ఇల్లు. అందులో ఇప్పుడు బట్టల కొట్టు ఉంది. నా కలలకి మాత్రం రిజిస్ట్రేషన్ కాగితాలు చేరలేదు.

మా ఆయన పోయాక వస్తూనే ఉంటారు. ఒక్క మాటా మాట్లాడరు, ప్రతిసారీ కళ్లజోడు వెతుక్కుంటూ ఉంటారు. పుస్తకంలో లెక్కపెడితే 31 సార్లు. రాసి ఉండకపోతే 'అప్పుడప్పుడు కలలోకి వస్తారు' అని మాత్రమే చెప్పేదాన్ని.

మీ ఇంటావిడ గురించి: పొద్దున్నే కాఫీ తాగుతూ కల ఆమెకే చెప్పండి, తర్వాత రాయండి. సుందరకాండలో త్రిజట లేచీ లేవగానే రాక్షస స్త్రీలందర్నీ కూచోబెట్టి తన కల చెప్పింది. మనసులో పెట్టుకుని ఊరుకుంటే మనదాకా వచ్చేదా? నోటితో చెప్పిన కల నిలుస్తుంది. ఉప్మా పెట్టినావిడ సంగతి కూడా మీరే ముందు చెప్పేస్తే విచారణ తప్పేది.

పీజీ_ఫిజియాలజీ:

టీచర్ గారూ, 'హెడ్‌మాస్టారికి పురుడు' పూర్తి కల కావాలి మాకు!

అన్నా, నేను కర్నూల్లో పీజీ చదువుతున్నాను. గుర్తుండకపోవడం నీ బద్ధకం వల్ల కాదు, కొంత నిద్ర తీరే అంత. మన నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. ఒక్కో చుట్టు చివర్లో కనురెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశ వస్తుంది, దాన్ని రెమ్ అంటారు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని బయటపెట్టారు. ఆ దశలో లేపినవాళ్లు ఎక్కువగా కల చెప్పగలుగుతారు. రాత్రి మొదట్లో ఈ దశ కొద్ది నిమిషాలే, తెల్లవారుజాముకి సాగుతూ పోతుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందని మా నానమ్మ అంటుంది. నిజమవడం సంగతి తెలీదు కానీ, గుర్తుండే కల మాత్రం అప్పటిదే ఎక్కువ. నువ్వు పడుకున్న మూడు, నాలుగు గంటలకే పిలుపు వస్తే ఆ చివరి భాగమే కోతపడుతుంది. కాబట్టి డ్యూటీ రోజులు లెక్కలోంచి తీసెయ్. నిండా నిద్రపోయిన రెస్టు రోజు మాత్రమే రాయి.

ఒక చిట్కా, నాకు పనిచేసింది. మెలకువ రాగానే కదలొద్దు. పక్కకి తిరగొద్దు, ఫోను ముట్టొద్దు. కళ్లు మూసుకునే 'ఇప్పుడు ఎక్కడున్నాను' అని అడుక్కో. చివరి ముక్క ఒకటి దొరుకుతుంది, దాన్ని పట్టుకుని వెనక్కి పోవాలి.

రాసినది అర్థం కాకపోయినా దిగులుపడకు. ఒట్టో లోవీ అని ఆస్ట్రియాలో గ్రాజ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. నరం నుంచి గుండెకి సందేశం రసాయనం ద్వారా వెళ్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఒక రాత్రి కలలో ప్రయోగం మొత్తం కనిపించింది. లేచి చిన్న కాగితం మీద గీకి పడుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! అదృష్టం, మర్నాటి రాత్రి మూడింటికి మళ్లీ అదే ఆలోచన వచ్చింది. ఈసారి రాసుకోవడాలు లేవు, నేరుగా ల్యాబ్‌కి వెళ్లి కప్పల గుండెల మీద ప్రయోగం చేసేశాడు. ఆ పనికే 1936లో నోబెల్ వచ్చింది, హెన్రీ డేల్‌తో కలిపి. నీ రంగు కూడా మళ్లీ వస్తుందేమో చూడు.

ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసి చూశాను నేను. 40 రికార్డింగుల్లో 35 గొణుగుడే. ఒకదాంట్లో స్పష్టంగా 'చెప్పాను కదా' అని ఉంది. ఎవరికి చెప్పానో, ఏం చెప్పానో దేవుడికెరుక.

పాత_డ్రైవర్_బెజవాడ:

తమ్ముడూ, నేనూ రన్నింగ్ స్టాఫే, రిటైరై ఆరేళ్లు. మంచి మాటలన్నీ పైన చెప్పేశారు, నేనొక చేదు మాట చెప్తా. ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తారు, కలలు పట్టుకోవాలంటే రాత్రి మధ్యలో అలారం పెట్టుకుని లేవాలని. నువ్వు ఆ పని చెయ్యకు. ఆఫీసులో కూర్చునేవాడు కునుకు తీస్తే పోయేదేం లేదు. మన వెనకాల 58 వ్యాగన్లు ఉంటాయి. రన్నింగ్ రూమ్‌లో దొరికే నాలుగైదు గంటలు నిద్రకే. అక్కడికి డైరీ తీసుకుపోనే వద్దు.

సిగ్నల్ కలలంటావా, అవి రానివాడు మన లైన్లో లేడు. నాకు రిటైరయ్యాక కూడా బ్రేకు పడని కల వస్తుంది. కాళ్లతో పరుపుని తొక్కుతుంటానని మా ఇంట్లో చెప్తారు. రాసుకుంటే భయం పెరుగుతుందా అంటే, నాకైతే మనవడికి చెప్పి నవ్వుకున్నాక కాస్త తగ్గింది. అదే నిన్ను రోజూ పీడిస్తూ, పడుకోవాలంటేనే టెన్షన్ పెడితే మాత్రం డైరీ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించు. సిగ్గుపడకు.

నిద్రపోతు_మహబూబ్‌నగర్:

నేను రెండేళ్లు రాసి మానేశాను, హాయిగా ఉన్నాను. రాయాలనే ధ్యాసలో రాత్రి నాలుగుసార్లు మెలకువ వచ్చేది. ఇష్టం లేకపోతే మానేయొచ్చు అని కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని చెప్తున్నా.

గూడ్స్‌బండి_కాజీపేట:

అందరికీ థాంక్స్. రెండు నెలలు ఆగి రాస్తున్నాను, ఏమైందో చెప్పకపోతే బాగోదు.

ఎల్‌ఐసీ డైరీ మా పాపకి బొమ్మలు గీసుకోను ఇచ్చేశాను. టీచరమ్మ చెప్పినట్టు గీతల నోటుబుక్కు కొన్నాను. పాత_డ్రైవర్ అన్న మాట ప్రకారం అది ఇంట్లోనే ఉంటుంది, బల్లార్షా రాదు. రెస్టు రోజున మాత్రమే రాస్తున్నా. రెండు నెలల్లో మొత్తం 13 కలలు. ఇదివరకు 23 రోజుల్లో రాసినదానికంటే తక్కువే. కానీ విసుగు లేదు, పుస్తకం కనబడితే చెయ్యి దానికదే పోతోంది. పేర్లు పెట్టడం భలే సరదాగా ఉంది. 'రన్నింగ్ రూమ్‌లో గేదె' నాకు బాగా నచ్చింది. మా ఇంటావిడ ఇప్పుడు టీ ఇస్తూ 'ఇవాళేమైనా ఉందా' అని తనే అడుగుతోంది. తనకొచ్చినవి కూడా చెప్తోంది. తన కలల్లో నేను ఎప్పుడూ ఆలస్యంగా వస్తానట, వచ్చాక అన్నం లేదంటుందట. దానికి నేనేమీ విచారణ పెట్టలేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఆదివారం ఆ సిగ్నల్ మళ్లీ వచ్చింది. అదే చోటు, అదే రాత్రి. ఈసారి నాకు నోరు పెగలకముందే అసిస్టెంట్ గట్టిగా రంగు పేరు చెప్పాడు. నేనూ తిరిగి చెప్పాను. బండి సాఫీగా దాటిపోయింది. మెలకువ వచ్చింది, తమ్ముడు చెప్పినట్టు కదలకుండా పడుకుని ఆ పేరు నాలుగుసార్లు అనుకున్నాను. తర్వాతే చెయ్యి చాపి, చీకట్లోనే రాసేసి, మళ్లీ నిద్రపోయాను.

పొద్దున చూస్తే రాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది. 'గుమ్మడి' అని రాసి ఉంది.

మా ఇంటావిడ టీ గ్లాసు పట్టుకుని నోటుబుక్కులోకి చూసి, గుమ్మడి పువ్వు రంగా, పండు రంగా, లోపలి గుజ్జు రంగా అని అడిగింది. అది రాసుకోలేదు.